ఆలుగడ్డ తవ్వినంక ఏప్రిల్ దాకా ఆపడం ఎట్ల? మొలకలు, కుళ్లు, తరుగు

ఎర్రనేల

అందరికీ నమస్తే. జహీరాబాద్ దిక్కు మూడెకరాల ఆలుగడ్డ ఉంది. రకం కుఫ్రి జ్యోతి, విత్తనం ఆగ్రా వైపు నుంచి వచ్చింది. నవంబర్ మొదట్ల నాటినం, ఫిబ్రవరి 10 అటుఇటుగ తవ్వుడు పెట్టుకుంటం. ఆ టైంల అందరి సరుకు ఒక్కసారే మార్కెట్ మీద పడి రేటు దిగిపోతది. అందుకే పది టన్నులు ఆపి ఏప్రిల్‌ల అమ్ముదామని ఆలోచన.

ఉన్న సౌకర్యం: సిమెంటు రేకుల షెడ్డు ఒకటి, 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, కింద బండలు, రెండు దిక్కుల కిటికీలు. కరెంటు ఉంది.

అడగాలనుకున్నవి:
1. కుప్ప పోయాల్నా, సంచులల్ల కట్టి పెట్టాల్నా?
2. మందుల దుకాణంల మొలక రాకుండ చల్లే పొడి అని ఒకటి చెప్తున్నరు. వాడొచ్చునా?
3. మిర్చి పెట్టే కోల్డ్ స్టోరేజ్‌ల జాగ ఇస్తమంటున్నరు. అండ్ల పెట్టొచ్చునా?
4. ఈ గడ్డలల్లకెళ్లి కొంత వచ్చే నవంబర్‌కు విత్తనంగ ఆపుకోవచ్చునా?

తెలిసినోళ్లు కొంచెం వివరంగ చెప్పుండ్రి.

---

గడ్డకన్ను

ముందు తేదీల లెక్క చూసుకుందాం. తవ్విన గడ్డకు కొంతకాలం నిద్ర ఉంటుంది. ఆ కాలంలో మీరేమీ చేయకపోయినా మొలక రాదు. రకాన్ని బట్టి, వేడిని బట్టి అది ఆరు నుంచి పది వారాలు. మన మార్చి ఎండలకు జ్యోతి ఎనిమిది వారాల ప్రాంతంలో కళ్లు తెరుస్తుందని పెట్టుకోండి. ఫిబ్రవరి 10న తవ్వితే ఏప్రిల్ మొదటి వారం. అంటే మీ ప్లానులో మొలక చివరి రెండు వారాల గొడవ మాత్రమే. అంతకన్నా ముందే కుప్పను తినేసేవి మూడున్నాయి: తోలు లేచిన గడ్డల నుంచి ఆరిపోయే నీరు, పురుగు, కుళ్లు. ఈ మూడూ చాలావరకు తవ్వకం రోజుకే తేలిపోతాయి. మొలక మందు కోసం తిరిగే కన్నా ముందు పొలంలో పని చూసుకోవాలి.

తవ్వడానికి పది రోజుల ముందు నీళ్లు ఆపండి. అదే టైముకు, లేదా ఇంకో రెండు మూడు రోజుల ముందే, ఆకు మొత్తం నేల మట్టానికి కోసి పొలం బయట పడేయండి. ఆకు పోయాక గడ్డ పెరగడం మానేసి తోలు ముదురుతుంది. 10 నుంచి 15 రోజులు పడుతుంది. ముదిరిందా లేదా అన్నది బొటనవేలే చెబుతుంది: నాలుగైదు చోట్ల గడ్డలు తీసి వేలితో గట్టిగా పక్కకు నెట్టండి. తోలు పొరలా జారితే ఇంకో మూడు రోజులు ఆగండి. తోలు జారే గడ్డను కుప్పలో పోస్తే జారిన చోటల్లా గోధుమరంగు మచ్చ పడి, అక్కడి నుంచే నీరు పోతుంది, అక్కడి నుంచే కుళ్లు దిగుతుంది. రేటు బాగుందని పచ్చి ఆకు మీదే తవ్వేస్తే ఆ సరుకు అదే వారం అమ్మేయాలి, నిల్వకు పనికిరాదు.

అట్లాగని ఆకు కోశాక మరీ ఆలస్యం కూడా వద్దు. నేల వేడి 30 డిగ్రీలు దాటే రోజుల దాకా గడ్డ భూమిలో ఉంటే బొగ్గు కుళ్లు పట్టుకుంటుంది. కళ్ల చుట్టూ నల్లటి మచ్చతో మొదలవుతుంది, తవ్వేటప్పుడు మామూలుగానే కనిపిస్తుంది, కుప్పలో బయటపడుతుంది. ఫిబ్రవరి నెలాఖరు దాటనివ్వకండి.

తవ్వేటప్పుడు దెబ్బల సంగతి. గడ్డను అడుగు ఎత్తు కన్నా పైనుంచి బండ మీదకు వదలొద్దు. గంప అడుగున, ట్రాలీ అడుగున గోనె పరవండి. కూలీలు గంపలు దూరం నుంచి కుప్ప మీదకు విసిరే అలవాటు ఉంటుంది, అది ఆపగలిగితే సగం కుళ్లు తగ్గినట్టే. ఆ దెబ్బ పైకి కనబడదు. మూడు వారాల తర్వాత లోపల బూడిద రంగు మచ్చగా కనిపిస్తుంది. మట్టి అంటిందని కడగొద్దు. తడి గడ్డను కుప్పలో వేయడమంటే మెత్తకుళ్లును పిలిచి కూర్చోబెట్టడమే. నీడలో ఆరనిచ్చి చేత్తో దులిపితే చాలు.

ఆ తర్వాత గాయాలు మానే దశ. షెడ్డులోనో చెట్టు నీడలోనో మీటరు, మీటరున్నర ఎత్తు కుప్ప పోసి వరిగడ్డి కప్పి 10 నుంచి 15 రోజులు వదిలేయండి. 15–20 డిగ్రీల వేడి, కుప్పలో మంచి తేమ ఉంటే తెగిన చోట గడ్డ తనకు తానే కొత్త తోలు కట్టుకుంటుంది. ఫిబ్రవరి రాత్రుల చలి దీనికి సరిగ్గా సరిపోతుంది. మార్చి మధ్యలో తవ్వేవాళ్లకు ఈ సౌకర్యం ఉండదు.

పదిహేను రోజులయ్యాక కుప్ప తీసి ఏరండి. పార తగిలి తెగినవి, పచ్చబడినవి, కన్ను దగ్గర సన్న రంధ్రం ఉన్నవి, మెత్తగా అయినవి, మరీ చిన్నవి అన్నీ పక్కకు. చిన్నవి ఎందుకంటే బరువుతో పోలిస్తే తోలు ఎక్కువ, ముందు ముడతలు పడేవి అవే. ఏరిన వాటిలో కుళ్లు, పురుగు, పచ్చదనం లేనివి వెంటనే అమ్మేయండి. ఇప్పుడు మిగిలిందే నిల్వ సరుకు.

కుప్పా, సంచా అన్నారు. రేకుల షెడ్డులో గాలి గొట్టాలు పెట్టిన కుప్పే మేలు. గోనె సంచులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మధ్య వరుసలకు గాలి ఆడదు, ఒక సంచిలో కుళ్లు మొదలైతే కింద తడి కారేదాకా తెలియదు.

కుప్ప కొలతలు: అడుగున వెడల్పు 3 మీటర్లు, నడిమి ఎత్తు మీటరు. ఘనపు మీటరుకు 650 కిలోల దాకా పడతాయి కాబట్టి ఈ ఆకారంలో మీటరు పొడవుకు టన్ను సరుకు వస్తుంది. మీ పది టన్నులకు పది మీటర్ల కుప్ప, షెడ్డులో పొడవునా సరిపోతుంది, చుట్టూ తిరగడానికి దారి కూడా మిగులుతుంది. బండల మీద నేరుగా పోయకుండా అర జానెడు ఎండు వరిగడ్డి పరవండి. దాని మీద అడ్డంగా ప్రతి రెండు మీటర్లకు ఒక 4 అంగుళాల పీవీసీ పైపు. పైపుకు చుట్టూ రంధ్రాలు పెట్టి రెండు కొనలు కుప్ప బయటికి రావాలి. ఒక్కో పైపు మధ్యలో టీ జాయింటు వేసి ఇంకో రంధ్రాల పైపు నిలువుగా, కుప్ప మీద జానెడు పైకి వచ్చేలా నిలబెట్టండి. లోపలి వేడి గాలి నిలువు పైపులోంచి పైకి పోతుంది, అడుగు పైపుల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. పీవీసీ దండగ అనుకుంటే వెదురు బద్దలతో త్రికోణపు బోనులు కట్టినా పని జరుగుతుంది. అడుగు పైపుల కొనలకు సన్న ఇనుప జాలీ కట్టకపోతే ఎలుకలకు రోడ్డు వేసినట్టే.

కప్పడానికి పైన జానెడు మందం వరిగడ్డి. ఇది వెలుతురు ఆపడానికి, పగటి వేడి ఆపడానికి.

ఇక రోజువారీ పని ఒక్కటే: రాత్రి తెరవడం, పగలు మూయడం. రాత్రి తొమ్మిది తర్వాత కిటికీలు తీసి ఒక పెడెస్టల్ ఫ్యాను అడుగు పైపుల కొనల వైపు పెట్టండి, పొద్దున ఏడింటికి అన్నీ మూసేయండి. చాలామంది పగలంతా గాలి ఆడాలని కిటికీలు తీసి, రాత్రి మంచు పడుతుందని మూస్తారు. అలా చేస్తే కుప్పకు పగటి వేడి ఎక్కించి రాత్రంతా దాచిపెట్టినట్టవుతుంది. తీగ ఉన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి తెచ్చి దాని కొన కుప్పలో అర మీటరు లోతున పెట్టండి. తెల్లవారుజామున 25 లోపు ఉంటే నిశ్చింత. 30 దగ్గర వరుసగా మూడు నాలుగు రోజులు నిలిచి, రాత్రి గాలి పెట్టినా దిగకపోతే ఇక ఆపొద్దు, అమ్మకానికి తీయండి.

---

పలమనేరు తోట

పైన చెప్పిందంతా కరెక్టే. పురుగు గురించి ఇంకొంచెం చెప్పాల. మన దక్కను వైపు ఉర్లగడ్డ నిల్వలో మొలక కన్నా పెద్ద శత్రువు దుంప తొలిచే పురుగే. చిన్న బూడిద రంగు రెక్కల పురుగు, అది గడ్డ కన్ను దగ్గర గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు కన్నులోంచి దూరి లోపల సొరంగాలు తవ్వుతుంది. కన్ను దగ్గర నల్లటి పెంట కుప్పగా అంటుకోని కనిపిస్తే లోపల ఉన్నట్టే. వేడి రోజుల్లో నెలలోపే ఒక తరం అయిపోయి కుప్పలోనే మళ్లీ గుడ్లు. ఫిబ్రవరిలో నాలుగు గడ్డల్లో ఉన్నది మార్చి నెలాఖరుకు కుప్పంతా పాకుతుంది. అది తొలిచిన దారిలో కుళ్లు దూరడం వేరే.

ఇది షెడ్డులో పుట్టేది కాదు, చేను నుంచే వస్తుంది. బోదెలు పగిలి గడ్డ బయటికి కనబడితే గుడ్లు అక్కడే పెడుతుంది. అందుకని ఆకు కోసేటప్పుడే బోదెల మీద పగుళ్లు మట్టితో పూడ్చేయండి. తవ్విన గడ్డ ఒక్క రాత్రి కూడా చేనులో ఉండకూడదు, ఈ పురుగు తిరిగేది చీకటి పడినాకే. ఇంకొకటి: కొంతమంది ఉర్లగడ్డ ఆకునే కుప్ప మీద కప్పుతారు. చేతికి దొరికేది అదే కదా అని. ఆకులో ఉన్న పురుగంతా నేరుగా గడ్డలోకి దిగుతుంది. వరిగడ్డే వాడండి, అది కూడా ఎండింది.

కుప్ప అడుగునా పైనా అంగుళం మందం ఎండబెట్టిన లాంటానా ఆకు, అదే తలంబ్రాల కంప, లేదా వేపాకు, నీలగిరి ఆకు పరిస్తే గుడ్లు పెట్టడం బాగా తగ్గుతుంది. పచ్చి ఆకు వేయొద్దు, తడి చేరుతుంది. షెడ్డులో ఈ పురుగు ఎరతో లింగాకర్షక బుట్టలు రెండు వేలాడదీయండి. అవి మగ పురుగులను పడతాయి కాబట్టి వాటితోనే అంతా తీరిపోదు, కానీ పురుగు మొదలైంది అని ముందే తెలుస్తుంది. కిటికీలకు దోమ జాలీ కొట్టండి.

తినే గడ్డ మీద పురుగు పొడి మందులు చల్లే పని మాత్రం పెట్టుకోవద్దు. అది కొన్నోళ్ల ఇంటికి పోతుంది.

---

మల్లన్న 77

పురుగు పొడి వద్దంటే సరే, మొలక పొడి ఎందుకు వద్దు? మొలకను ఆపే సీఐపీసీ దేశమంతా కోల్డ్ స్టోరేజీల్లో వాడుతున్నదే కదా. రెండు పిడికిళ్లు చల్లి కలిపేస్తే రెండు నెలలు నిశ్చింత.

---

చల్లగది

మల్లన్న గారూ, మందు నిజమే, పద్ధతి అది కాదు.

సీఐపీసీ అంటే క్లోర్‌ప్రోఫామ్. కణాలు విడిపోవడాన్ని ఆపుతుంది, అందుకే మొలక పెరగదు. గాయం మానడానికి కూడా కణాలు విడిపోవాలి కదా, దాన్నీ ఆపేస్తుంది. తవ్విన వారంలోనే చల్లితే మొలక రాదు, తెగిన చోట తోలు కూడా కట్టదు, కుళ్లు రెట్టింపవుతుంది. కాబట్టి గాయాలు మానాకే, కళ్లు తెరిచే ముందు వేయాలి.

కోల్డ్ స్టోరేజీలో 50 శాతం ద్రావణాన్ని వేడి చేసి పొగలా చేసే యంత్రంతో, 10–12 డిగ్రీల దగ్గర ఉన్న గదిలోకి వదులుతారు. టన్నుకు 35 మిల్లీలీటర్ల ప్రాంతం, కానీ డబ్బా మీది లేబులే ప్రమాణం. గది మూసి ఒకటి రెండు రోజులు అలాగే ఉంచి తర్వాత గాలి మారుస్తారు. ఎక్కువ కాలం నిల్వకు నెలన్నర, రెండు నెలల తర్వాత ఇంకోసారి. పొగ ప్రతి గడ్డకూ సమంగా అందాలంటే గది బిగుతుగా ఉండాలి. రేకుల షెడ్డులో పొగ రేకుల సందుల్లోంచి పోతుంది. పిడికిలితో చల్లితే పై పొర గడ్డలకు మోతాదు మించి పడుతుంది, మధ్య గడ్డలకు ఏమీ అందదు. అవశేషం ఎక్కువైన గడ్డను మార్కెట్లో ఎవరూ పట్టుకోరేమో గానీ తినేవాళ్లు తింటారు. యూరోపియన్ యూనియన్ ఈ మందుకు 2019లో అనుమతి పొడిగించలేదు, 2020 అక్టోబర్ నుంచి అక్కడ వాడకం ఆగిపోయింది. మన దగ్గర వాడకం ఉంది, అది ఆ గదుల్లో ఆ కొలతలతోనే.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి: విత్తనం గడ్డ ఉన్న గదిలో ఈ మందు పనికిరాదు. ఒకప్పుడు పొగ పెట్టిన గదిలో విత్తనం పెట్టినా గోడల్లో, చెక్కల్లో మిగిలినదే చాలు మొలక దెబ్బతినడానికి.

ఎర్రనేల గారూ, మీ కుప్ప ఎనిమిది వారాల లోపు అమ్ముడుపోతుందంటే మీకు ఏ మొలక మందూ అక్కర్లేదు. అంతకు మించితే షెడ్డే సరిపోదు, అప్పుడు కోల్డ్ స్టోరేజీ.

మిర్చి కోల్డ్ స్టోరేజీ సంగతి: వద్దు. మిర్చికి కావలసింది పొడి గాలి, గడ్డకు కావలసింది 90–95 శాతం తేమ. మిర్చి గదిలో గడ్డ బరువు కరిగి వడలిపోతుంది. అదీగాక గడ్డ ప్రాణమున్న సరుకు, ఊపిరి పీలుస్తూ తేమనూ వేడినీ బొగ్గుపులుసు వాయువునూ వదులుతూనే ఉంటుంది. ఆ తేమకు పక్కన ఉన్న మిర్చి బస్తాలకు బూజు పడితే నష్టం మీ పది టన్నులతో ఆగదు. మిర్చి ఘాటు గడ్డకు పట్టుకునేది వేరే. జాగ ఇస్తామన్నవాళ్లు తక్కువ సరుకున్న గది నింపుకోవడానికే అంటున్నారు. ఆ గదికి రోజూ బయటి గాలి మార్చే ఏర్పాటు, తేమ ఇచ్చే యంత్రం ఉన్నాయా అని అడగండి. సమాధానం అక్కడే దొరుకుతుంది.

ఆలుగడ్డకే కట్టిన కోల్డ్ స్టోరేజీ దొరికితే అందులో రెండు రకాలుంటాయి. 2–4 డిగ్రీల గదిలో మొలక రాదు, మందు అక్కర్లేదు, ఆరేడు నెలలు ఉంటుంది. కానీ 8 డిగ్రీల కిందికి దిగితే గడ్డలోని పిండి చక్కెరగా మారడం మొదలవుతుంది. కూరకు కాస్త తియ్యగా ఉంటుంది, చిప్స్ వేయిస్తే నల్లబడతాయి. 10–12 డిగ్రీల గదిలో చక్కెర పెరగదు, కానీ మొలక ఆపడానికి సీఐపీసీ కావాలి. చిప్స్ వాళ్లకు, హోటళ్లకు ఇచ్చే సరుకైతే రెండోదే. చిప్స్‌కు తగదు తగదు అంటూ లోడు వెనక్కి పంపిన గొడవల్లో చాలావాటికి మూలం ఇదే. చల్లగది సరుకును 15–20 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు ఉంచితే చక్కెర కొంత తగ్గుతుంది, పూర్తిగా కాదు. లోడు ఎత్తే ముందు నాలుగు గడ్డల నడిమి నుంచి చక్రాలు కోసి, 180 డిగ్రీల నూనెలో వేయించి చూసుకుంటే ఎవరితోనూ వాదన ఉండదు.

ఆహార భద్రతా సంస్థ అనుమతించిన ఇంకో దారి రేడియేషన్. 0.02 నుంచి 0.2 కిలోగ్రే మోతాదుతో మొలక శాశ్వతంగా ఆగుతుంది. కానీ మీ దగ్గరి నుంచి పది టన్నులు ఆ కేంద్రం దాకా మోసి, దించి, ఎక్కించి, మళ్లీ తేవడానికి గడ్డ రేటు ఏనాడూ సరిపోదు.

---

ఎర్రనేల

మస్తు సమాచారం. అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. మార్చిల అకాల వాన, వడగండ్లు పడితే రేకుల సందుల నుంచి నీళ్లు కారుతయి. కుప్ప మీద తాటిపత్రి కప్పొచ్చునా? ఇంకోటి, ఇంత చేసి ఆపితే ఏప్రిల్‌ల ఎంత రేటొస్తే గిట్టుబాటు?

---

గడ్డకన్ను

తాటిపత్రి కుప్పను అంటేలా కప్పొద్దు. గడ్డకు గాలి అందక, లోపల వేడి పెరిగితే గడ్డ నడిబొడ్డు నల్లబడిపోతుంది. బయటికి బ్రహ్మాండంగా ఉంటుంది, కోస్తే మధ్యలో నల్లటి తడి మచ్చ. 30 డిగ్రీలు దాటిన వేడికి గాలి లేకపోవడం తోడైతే కొద్ది రోజులు చాలు. అలాంటి లోడు ఒక్కటి పోతే ఆ వ్యాపారి మళ్లీ మీ గడ్డ ముట్టడు. వాన భయముంటే ఇప్పుడే రేకుల సందులకు సీలింగ్ టేపు వేయించండి, లేదా కుప్పకు మీటరు పైన తాడు కట్టి తాటిపత్రిని పందిరిలా వాలుగా వేయండి. నీరు పక్కకు పోతుంది, గాలి ఆడుతుంది. రేకుల్లో వెలుతురు కోసం ప్లాస్టిక్ రేకు ఉంటే దాని మీద గోనె కప్పండి. ట్యూబులైటు కూడా పని లేనప్పుడు ఆర్పేయండి, వెలుతురు ఏదైనా గడ్డ పచ్చబడుతుంది. పచ్చబడిన చోట సొలనిన్ చేరి చేదెక్కుతుంది.

రేటు లెక్క. తవ్విన రోజు కిలో 12 రూపాయలు అనుకుందాం, పది టన్నులకు 1,20,000. రెండు నెలలకు ఆరుదల 8 శాతం, కుళ్లు, పురుగు 5 శాతం, పచ్చబడినవి, వడలినవి 3 శాతం అనుకోండి. ఇది బాగా చూసుకున్న కుప్పకు వేసిన లెక్క. చేతికొచ్చేది 8,400 కిలోలు. పైపులు, గడ్డి, రెండుసార్లు ఏరే కూలి, ఫ్యాను కరెంటు కలిపి 15,000 వేయండి. 1,35,000ను 8,400తో భాగిస్తే 16 రూపాయల పైచిలుకు. అంటే 16 దాటితేనే ఆపినందుకు ఫలితం. పన్నెండు మీద మూడు రూపాయలు పెరిగితే లాభమే అని చాలామంది అనుకుంటారు, తరుగును లెక్కలోకి తీసుకోరు. మీ మార్కెట్లో ఏప్రిల్‌కు ఉత్తరాది కోల్డ్ స్టోరేజ్ సరుకు ఏ రేటుకు దిగుతుందో చూసుకుని నిర్ణయం తీసుకోండి, మీ పోటీ దానితోనే.

అన్నీ ఒకేసారి ఏప్రిల్ దాకా ఆపకుండా మార్చి మధ్యలో సగం వదిలేయడం నయం. వేడి ఎక్కేకొద్దీ తరుగు పెరుగుతుంది, మొదటి నెల తరుగు కన్నా రెండో నెల తరుగు ఎప్పుడూ ఎక్కువే. మొలక వచ్చిందంటే ఇంకా వేగం. మొలకకు ముదురు తోలు ఉండదు, నీరు అందులోంచి కారినట్టు పోతుంది. అంగుళం మొలకతో కుప్ప ఆపి కూర్చోవద్దు.

మొలకలు తుంచి ఇంకో రెండు వారాలు ఆపుదామని కూడా చూస్తారు. కొన మొలక ఒక్కటి తుంచితే పక్క కళ్లన్నీ ఒకేసారి లేస్తాయి. తుంచేది ఒక్కసారే, అమ్మే ముందు రోజే.

---

పలమనేరు తోట

మార్చి మూడో వారం తర్వాత కూడా కొంత మిగిలితే ఒక చిట్కా. కిటికీకి కూలరు గడ్డి ప్యాడు బిగించి నీళ్లు కారేట్టు చేసి, ఎదుటి గోడకు ఎగ్జాస్టు ఫ్యాను పెడితే పొడి గాలిలో చల్లదనం బాగా వస్తుంది. జహీరాబాద్ ఎండ పొడి ఎండే కాబట్టి అక్కడ ఇది పనిచేస్తుంది. గాలిలో తేమ పెరగడంతో వడలడం కూడా తగ్గుతుంది. ప్యాడు నీళ్లు కుప్ప మీద చింది పడకుండా మీటరు దూరం ఉంచండి. మొలకను మాత్రం ఇది ఆపదు, తేమకు ఇంకా ఉత్సాహంగా వస్తుంది. ఇంటి అవసరానికి వంద కిలోలైతే రెండు ఇటుక గోడల మధ్య మూడంగుళాల సందులో ఇసుక పోసి తడిపే గది కట్టుకుంటే చాలు, కరెంటు కూడా అక్కర్లేదు.

---

వంటిల్లు

పొలం వాళ్ల మధ్య దూరుతున్నా, ఏమీ అనుకోకండి. ఇంట్లో అయిదు కిలోలు తెస్తే వేసవిలో పది రోజులకే మొలకలు. సంచిలో ఒక యాపిల్ వేస్తే రావని వీడియోల్లో చెబుతున్నారు, నిజమేనా?

---

చల్లగది

అనడానికేముంది అండీ. వేసవిలో మీరు కొనేది చాలావరకు కోల్డ్ స్టోరేజీ నుంచి దించిన గడ్డ. దాని నిద్ర ఎప్పుడో అయిపోయింది, చలి ఒక్కటే ఆపింది. వేడికి రాగానే మొలక వస్తుంది. అందుకని అయిదు కిలోలు తేకండి, రెండు కిలోలు తెచ్చుకోండి.

యాపిల్ వదిలేది ఇథిలీన్. దాన్ని తగిన మోతాదులో ఆపకుండా ఇస్తే మొలక పొడవు పెరగదు, విదేశీ గోదాముల్లో యంత్రంతో అలా ఇస్తారు. కాసేపు ఇచ్చి ఆపితే మాత్రం అదే ఇథిలీన్ నిద్ర లేపుతుంది. సంచిలో యాపిల్ ఏ మోతాదు ఇస్తుందో ఎవరికీ తెలియదు, పైగా అది కుళ్లితే అసలుకే మోసం. చీకటిగా, గాలి ఆడే బుట్టలో, పొయ్యికీ ఫ్రిజ్ వెనక వేడికీ దూరంగా పెట్టండి. ఉల్లిపాయతో కలపొద్దు, గడ్డ వదిలే తేమకు ఉల్లి చెడిపోతుంది. చిన్న మొలక వచ్చి గడ్డ గట్టిగా ఉంటే మొలకను కన్నుతో సహా లోతుగా తీసేసి వండుకోవచ్చు. ముడతలు పడి, పచ్చబడి, చేదుగా ఉంటే పారేయండి. ఉడికించినా ఆ చేదు విషం పోదు.

---

గడ్డకన్ను

నాలుగో ప్రశ్న మిగిలిపోయింది. విత్తనం. ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా తొమ్మిది నెలలు షెడ్డులో ఆగదు, 2–4 డిగ్రీల గది తప్పదు. గది దొరికినా ఇంకో చిక్కుంది: పేనుబంక మోసే వైరస్ తెగుళ్లు. చేనులో ఆకు ముడుచుకుని, మొక్క గిడసబారి కనిపించకపోయినా గడ్డలో వైరస్ ఉండొచ్చు, తర్వాతి పంటకు దిగుబడి దిగిపోతుంది. అందుకే మన వేడి ప్రాంతాల వాళ్లు జలంధర్, ఆగ్రా వైపు విత్తనం మీద ఆధారపడేది. అయినా కొంచెం ఆపి చూస్తానంటే, డిసెంబర్, జనవరిలోనే తెగులు మొక్కలు పీకేసిన మడిని వేరుగా గుర్తుపెట్టుకోండి. ఆ మడి ఆకు మిగతా చేను కన్నా ముందే కోయండి. 30 నుంచి 80 గ్రాముల గడ్డలు ఏరి, మట్టి పోయేలా కడిగి, లీటరు నీటికి 30 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణంలో అరగంట ముంచి, నీడలో పూర్తిగా ఆరాక జాలి సంచుల్లో కట్టి పంపండి. తోలు మీది నల్ల చెక్కు తెగులుకు అది. ముంచిన గడ్డ తినడానికి వద్దు, సంచుల మీద రంగు గుర్తు వేయండి. గదిలోంచి నాటడానికి రెండు వారాల ముందు దించి, ఎండ నేరుగా పడని వెలుతురులో పలచగా పరిస్తే పొట్టిగా, ముదురుగా పచ్చ మొలకలు వస్తాయి. చీకట్లో వచ్చిన తెల్ల మొలకలు నాటేటప్పుడే విరిగిపోతాయి.

---

ఎర్రనేల

విత్తనం ఆలోచన మానుకున్న. మార్చి మధ్యల సగం అమ్మి మిగతాది కుప్పల ఆపుత. ఒకవేళ ఆలుగడ్డ కోల్డ్ స్టోరేజ్‌ల జాగ దొరికితే, ఏప్రిల్ నెలాఖరుకు దించేటప్పుడు ఏమన్న జాగ్రత్త ఉంటదా?

---

చల్లగది

చాలా ఉంటుంది. 3 డిగ్రీల గడ్డను 40 డిగ్రీల ఎండలోకి తెస్తే చల్లటి నీళ్ల గ్లాసుకు పట్టినట్టు తోలంతా చెమట పడుతుంది. ఆ తడితోనే సంచులు కట్టి లారీ ఎక్కిస్తే రెండు రోజుల్లో మెత్తకుళ్లు, దుర్వాసన. కాబట్టి దించే ముందు రోజు సరుకును 15 డిగ్రీల దగ్గర ఉండే ముందు గదిలోకి మార్చి ఒక పూట, వీలైతే 24 గంటలు ఉంచమనండి. ఆ గది లేకపోతే నీడలో గోనెల మీద పలచగా పరిచి ఫ్యాన్లు పెట్టి, తోలు పొడిగా అయ్యాకే సంచి కట్టండి. తెల్లవారుజామున దించడం నయం.

సరుకు పెట్టేటప్పుడు కూడా రెండు మాటలు. గాయాలు మాని, ఏరిన గడ్డే పంపండి, ఒక్క తడి సంచి పక్క పది సంచులను పాడుచేస్తుంది. గదిలోకి ఒకే రోజు మొత్తం లోడు దించితే యంత్రం వేడి లాగలేదు, నడిమి సంచులు రోజుల తరబడి వెచ్చగానే ఉంటాయి. గది పట్టే సరుకులో రోజుకు 4–5 శాతం మించకుండా ఎక్కిస్తున్నారా, వేడిని రోజుకు డిగ్రీ లోపు నెమ్మదిగా దించుతున్నారా అని అడిగి, మీ సంచులు పేర్చేటప్పుడు అన్నిటికన్నా కింది వరుసలో కాకుండా చెక్కల అరల మీద పెట్టించండి. నెలకోసారి వెళ్లి మధ్య వరుస నుంచి ఒక సంచి తీయించి చూడండి. మనిషి వస్తున్నాడని తెలిస్తే గది వాళ్లూ శ్రద్ధగా ఉంటారు. ఏప్రిల్‌లో దించాక వారంలోపు అమ్ముడుపోయేంత మేరకే దించండి, మిగతాది గదిలోనే ఉంచండి.